పదేళ్ల పాపకి బ్యాలే: పాదాల సంగతి సరే, పళ్ళెం సంగతి చూడండి

చెన్నై పెరుంగుడి నుంచి మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. పాపకి 10 ఏళ్లు నిండాయి. ఆరో ఏట నుంచి వారానికి రెండు క్లాసులు బ్యాలే నేర్చుకుంటోంది. వచ్చే జూన్ నుంచి పాయింట్ షూస్, అంటే వేళ్ల కొసల మీద నిలబడి ఆడటానికి వేసుకునే షూస్, వేయిద్దామని టీచరమ్మ అంటున్నారు. ఒంగోలు నుంచి వచ్చిన మీ అత్తగారేమో కాళ్లు వంకర్లు పోతాయి, ఎత్తు ఎదగదు, రేపు పెళ్లయ్యాక కాన్పు కష్టమవుతుంది, అంత ముచ్చటగా ఉంటే కూచిపూడి నేర్పించొచ్చుగా అంటున్నారు. ఇందులో ఏది నిజమని అడిగారు. చివర్లో, అప్పుడే గుర్తొచ్చినట్టు, "ఈ మధ్య రాత్రిపూట అన్నం మానేసింది, ఒక్క చపాతీ తిని లేచిపోతోంది" అని కూడా రాశారు.

పైన రాసినవన్నీ ఒక ఎత్తు, ఆ ఆఖరి మాట ఒక ఎత్తు. దాని దగ్గరికి వస్తాను.

నేను ఫిజియోథెరపిస్టుని. మాది నెల్లూరు. చదువుకోడానికి చెన్నై వచ్చి ఇక్కడే ఉండిపోయి 20 ఏళ్లు దాటింది. చిన్నప్పుడు తొమ్మిదేళ్లు కూచిపూడి, 24వ ఏట సరదాకి మొదలుపెట్టి ఆరేళ్లు బ్యాలే చేశాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి సగం నాట్యం చేసేవాళ్లే. పాపని చూడకుండా చెబుతున్న మాటలు కాబట్టి ఆ మేరకే తీసుకోండి.

అత్తగారి భయాల్లో రెండు తేలిగ్గా తీసేయొచ్చు. బ్యాలే చేసినందువల్ల ఎత్తు ఆగదు. కాన్పుకీ దీనికీ సంబంధం లేదు. కానీ కాళ్లు వంకర్లు పోతాయన్న మాటని మాత్రం నేను నవ్వేసి పక్కన పెట్టను. పెద్దావిడకి కారణం తెలియకపోవచ్చు గానీ ఎక్కడో ఏదో చూసే ఉంటారు.

బ్యాలేలో పాదాలు రెండూ చెరో పక్కకి తిరిగి ఉంటాయి కదా, దాన్ని టర్నౌట్ అంటారు. మన అరమండిలో మోకాళ్లు పక్కలకి తెరుచుకోవడంలో ఉన్న సూత్రమే ఇక్కడా: తిరగాల్సింది తుంటి కీలు. ఆ కీలు ఎంత తిరుగుతుందన్నది చాలావరకు ఎముక పుట్టుకతో వచ్చిన తీరుని బట్టే ఉంటుంది. కొందరు పిల్లలకి తొడ ఎముక మెడ కాస్త ముందుకి మెలితిరిగి ఉంటుంది. చిన్నప్పుడు నేలమీద పాదాలు చెరోపక్క పడేసి, మోకాళ్లు కలిపి డబ్ల్యూ ఆకారంలో కూర్చునేది ఎక్కువగా వీళ్లే. ఎంత సాధన చేసినా వీళ్ల తుంటి కొంతవరకే తిరుగుతుంది. పక్కనున్న పిల్ల పాదాలు గీత గీసినట్టు తిరిగి ఉంటే ఈ పిల్ల ఊరుకుంటుందా? మోకాళ్లు కొంచెం వంచి, పాదాలని నేలకి అతికించి, అలాగే మోకాళ్లు నిటారు చేసేస్తుంది. చూడ్డానికి టర్నౌట్ వచ్చేసినట్టే ఉంటుంది. ఆ మెలిక అంతా మోకాలి లోపలి వైపు, చీలమండ మీద పడుతుంది. అరికాలి వంపు దిగిపోతుంది, బొటనవేలి మొదట్లో ఎముక పక్కకి పొడుచుకు రావడానికి దారి పడుతుంది. అత్తగారు చెప్పిన వంకర ఇదే.

దీన్ని మీరే ఇంట్లో చూడొచ్చు. పాపని మొదటి పొజిషన్లో, అంటే మడమలు కలిపి పాదాలు చెరో పక్కకి తిప్పి, నిలబెట్టి మెల్లగా ప్లియే చేయమనండి, అంటే మోకాళ్లు వంచమనండి. మోకాలిచిప్ప పాదం రెండో వేలి మీదుగా వెళ్తోందా, లోపలికి వాలుతోందా చూడండి. లోపలికి వాలితే పాదాలు తక్కువ తిప్పి నిలబడాలి, అంతే. ఈ మాట చెప్పే టీచరు దొరికితే వదులుకోకండి.

ఇంకో సంగతి. వేళ్లు వెనక్కి విరుచుకునేంత వదులు కీళ్లున్న పిల్లలని చూసి "దీనికి పుట్టుకతోనే వచ్చేసింది" అని మురిసిపోతుంటారు. కాలు చెవి దాకా లేస్తుంది, నడుము విల్లులా వంగుతుంది. నా దగ్గరికి వచ్చే దెబ్బల్లో ఎక్కువ భాగం వీళ్లవే. కీలుని పట్టి ఉంచాల్సిన స్నాయువులు వదులైతే ఆ పని కండరం చేయాలి, కండరానికి బలం రావడానికి ఏళ్లు పడుతుంది. మీ పాప ఇలాంటిదైతే సాగదీయడం తగ్గించి బలం పెంచమని అడగండి.

ఇక పాయింట్ షూస్. ఆ షూ ముక్కులో చెక్క ఉంటుందని చాలామంది అనుకుంటారు. చెక్క ఉండదు. గుడ్డ, కాగితం పొరలని జిగురుతో గట్టిపరిచి చేస్తారు. ఒళ్లు మొత్తం బరువు వేళ్ల కొసల మీద నిలవాలి. 1832లో పారిస్‌లో మరీ టాలియోని 'లా సిల్ఫీద్' ఆడినప్పటి నుంచి వేళ్ల కొసల మీద నిలబడటం బ్యాలేకి గుర్తుగా మారిపోయింది. పిల్లలందరి కలా అదే. తల్లుల కల కూడా అదేనని నా అనుమానం. ఏమనుకోకండి.

నాట్య వైద్యానికి ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఫర్ డాన్స్ మెడిసిన్ అండ్ సైన్స్ అని ఒక సంఘం ఉంది. వాళ్లు 12 ఏళ్ల లోపు పాయింట్ వద్దంటారు. 12 రాగానే వేయించమని కాదు. నడుము, పొట్ట కండరాల పట్టు, కాళ్లు ఒక వరసలో నిలవడం, చీలమండ వంగడం, ఇన్నీ చూసి వేయించాలంటారు. దీన్నే వృత్తిగా తీసుకోదలచని పిల్లలకి అసలు పాయింట్ అక్కర్లేదు కూడా. మీ పాపకి జూన్‌లో 11 కూడా నిండవు. కాబట్టి నా సమాధానం: వద్దు. టీచరమ్మతో గొడవ అక్కర్లేదు. "12 దాటాక ఒకసారి ఫిజియోకి చూపించి నిర్ణయిద్దాం" అంటే చాలు.

ఆ రోజు వచ్చినప్పుడు నేను చూసేవి కొన్ని చెబుతాను, ఇప్పటి నుంచే గమనించొచ్చు. కాళ్లు చాపి కూర్చుని పాదాన్ని పూర్తిగా కిందికి వంచినప్పుడు చీలమండ మీద స్కేలు పెడితే అది ముంగాలు ఎముకతో, అంటే మోకాలి కింద ముందువైపు ఉండే ఎముకతో, ఒకే గీతలో పడుకోవాలి. మధ్యలో గుంట పడి స్కేలు పైకి లేస్తే ఆ పాదం షూలో పూర్తిగా నిలవదు, వెనక్కి వాలిపోతుంది. ఒంటికాలి మీద నిలబడి మడమ పైకెత్తి దించడం, మోకాలు వంచకుండా, ఊగకుండా, వరసగా 20 సార్లు చేయగలగాలి. ఒంటికాలి మీద చిన్నచిన్న గెంతులు వేస్తే నడుము పక్కకి జారకూడదు. నాలుగేళ్లు నేర్చుకున్న పిల్లలు కూడా మొదటిసారి పదీ పన్నెండు దగ్గరే ఆగిపోతుంటారు.

నేల గురించి మీరు అడగలేదు గానీ అడిగి ఉండాల్సింది. బ్యాలే నేల కింద చెక్క చట్రం, దాని కింద గాలి ఉండాలి, గెంతినప్పుడు నేల కొద్దిగా దిగి లేవాలి. చెన్నైలో చాలా క్లాసులు అపార్ట్‌మెంట్ హాళ్లలో, గ్రానైట్ మీదో టైల్స్ మీదో మార్లే అనే పల్చటి వినైల్ పరిచి నడుస్తున్నాయి. మార్లే జారకుండా కాపాడుతుంది, దెబ్బని మాత్రం మింగదు. గెంతి దిగిన ప్రతిసారీ ఒంటి బరువుకి కొన్ని రెట్లు కాలి మీద పడుతుంది. అది నేల మింగకపోతే ముంగాలు ఎముకా, పాదం ఎముకా మింగాలి. రాతినేల మీద తట్టడాలు తట్టీ తట్టీ మడమలు పాడు చేసుకున్న భరతనాట్యం పిల్లలు ఇక్కడ వీధికి ఇద్దరున్నారు, కాబట్టి ఇది ఒక్క బ్యాలేకే ఉన్న జబ్బు కాదు. క్లాసుకి వెళ్లినప్పుడు మీరే మడమతో ఒకసారి నేలని కొట్టి చూడండి. 'ధన్' అని బోలు చప్పుడొస్తే మంచిది. ఏ చప్పుడూ లేకుండా మీ మడమే నొప్పెడితే కింద కాంక్రీటు ఉన్నట్టు. ఇంట్లో టైల్స్ మీద గెంతులు మాత్రం ఈరోజే ఆపించండి.

ఇప్పుడు ఆ చపాతీ.

నా సంగతే చెబుతాను. నాకు 26 ఏళ్లప్పుడు ఒక క్లాసులో, అద్దం ముందు నిలబడి ఉండగా, నేర్పేవాళ్లు నా నడుము దగ్గర వేలు పెట్టి "ఆదివారం బిర్యానీ ఇక్కడే ఉంది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి నుంచి అన్నం మానేశాను. అప్పటికే ఫిజియో చదివి ఉద్యోగం చేస్తున్నదాన్ని, శరీరం గురించి నలుగురికి చెప్పేదాన్ని. అయినా మానేశాను. నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. అందరూ "ఎంత బాగున్నావో" అన్నారు, క్లాసులో ముందు వరసలోకి వచ్చాను. నెలసరి ఆగిపోయింది. అమ్మ నెల్లూరు నుంచి ఫోన్ చేసి అడిగితే ఉద్యోగం ఒత్తిడి అని చెప్పాను. ఆ తర్వాత పాదం మీద, రెండో వేలి ఎముక మొదట్లో, ఒక మొండి నొప్పి మొదలైంది. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. మూడు వారాల తర్వాత ఎమ్మారైలో కనపడింది, ఎముకలో సన్నటి పగులు. బ్యాలే చేసేవాళ్లకి సరిగ్గా అక్కడే వస్తుందని పుస్తకంలో చదివి పరీక్ష రాసినదాన్ని. ఆరు వారాలు బూటు కట్టుకుని తిరిగాను.

గెంతులే విరగ్గొట్టాయన్నారు అందరూ. అంతకుముందు రెండేళ్లూ అవే గెంతులు, అదే నేల. మారింది నా పళ్ళెం.

లోపల జరిగేది ఇదీ. ఖర్చయ్యే శక్తికి తగ్గట్టు తిండి లేకపోతే ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. ముందుగా పునరుత్పత్తి హార్మోన్లని తగ్గిస్తుంది, అప్పుడు ఈస్ట్రోజెన్ పడిపోతుంది. అది పడిపోతే ఎముక కట్టుకోవడం మందగిస్తుంది. పెద్దవాళ్లలో నెలసరి ఆగుతుంది, చిన్నపిల్లల్లో పెద్దమనిషి కావడం ఆలస్యమవుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి కొరత) అని పేరు పెట్టింది. మనిషి జీవితంలో కూడబెట్టుకునే ఎముకలో సుమారు 90 శాతం, ఆడపిల్లల్లో 18 ఏళ్లకల్లా చేరిపోతుంది. అంటే మీ పాప ఇప్పుడు కూడబెట్టుకునే వయసులో ఉంది. సరిగ్గా తినే పిల్లకి గెంతులు మేలు కూడా చేస్తాయి, తుంటి ఎముక గట్టిపడుతుంది. తినని పిల్లకి అవే గెంతులు ఎముకని అరగదీస్తాయి.

ఇందులో ఇంకో చిక్కుంది. పదీ పదమూడేళ్ల మధ్య ఎముకలు గబగబా పొడవవుతాయి, కండరాలు వెనకబడతాయి. నిన్నటిదాకా నేలకి అంటుకునే స్ప్లిట్ ఇవాళ రాదు. గిరగిరా తిరిగే పిల్ల తూలిపోతుంది. తుంటి వెడల్పవుతుంది, పొట్టచుట్టూ కొంచెం కొవ్వు చేరుతుంది, పెద్దమనిషి కాబోయే ముందు అది చేరాలి కూడా. ఇదంతా పిల్లకి ఎలా అర్థమవుతుందో తెలుసా? "నేను లావయ్యాను, అందుకే రావట్లేదు" అని. ఎవరూ ఏమీ అనకపోయినా అద్దం రోజూ అంటూనే ఉంటుంది. బ్యాలే క్లాసులో గోడంతా అద్దమే, ఒంటిని పట్టి ఉండే లియోటార్డ్‌లో దాచుకోడానికేమీ ఉండదు. మన నాట్యాల్లో గురువుగారు ఎదురుగా కూర్చుని తాళం వేస్తారు, పిల్ల కళ్లు ఆయన మీద ఉంటాయి. బ్యాలేలో కళ్లు రోజూ తన మీదే.

కాబట్టి ముందు కనుక్కోవాల్సింది, పాపతో ఎవరు ఏమన్నారో. నిలదీస్తే చెప్పదు. వంటింట్లో చిక్కుళ్లు తుంచుతూనో, బండి మీద తీసుకెళ్తూనో, ముఖం చూసుకోకుండా మాట్లాడుకునే చోట అడగండి. అది టీచరు మాట కావచ్చు, స్నేహితురాలి మాట కావచ్చు. ఒక్కోసారి మన మాటే. "అన్నం తింటే లావైపోతాను" అని మీరుగానీ ఇంట్లో ఇంకెవరుగానీ భోజనాల దగ్గర అంటుంటే పిల్ల వినే ఉంటుంది. బరువు చూసుకునే మిషను ఉంటే అటక మీద పెట్టేయండి.

లెక్కకి వస్తే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం ఈ వయసు ఆడపిల్లకి రోజుకి సుమారు 2,000 కేలరీలు కావాలి. రాత్రి భోజనం ఒక్క చపాతీ అంటే దాదాపు 100. కాల్షియం 850 మిల్లీగ్రాములు కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది, గ్లాసు పాలల్లో 250 దాకా. మన ఇళ్లలో దొరకనిదేమీ లేదు. స్కూల్లో పన్నెండున్నరకి తిన్న టిఫిన్ బాక్సుతో సాయంత్రం ఐదింటి క్లాసు చేయించకండి. నాలుగింటికి రెండు ఇడ్లీలో, అరటిపండు, కాసిని వేరుశనగలో పెట్టండి. క్లాసయ్యాక గంటలోపు అన్నం, పప్పు, ఒక గుడ్డు, పెరుగు. డైట్ అనే మాట ఇంట్లో వద్దు. "గెంతడానికి కాళ్లకి బలం" అంటే ఆ వయసు పిల్లలకి అర్థమవుతుంది.

రెండు వారాల్లో మళ్లీ మామూలుగా తినకపోతే, లేదా జుట్టు రాలడం, చలి అనడం, వదులు బట్టలు వెతుక్కోవడం, అన్నం తినగానే బాత్రూములోకి వెళ్లడం లాంటివి కనపడితే పిల్లల డాక్టరుకి చూపించండి. 15 నిండినా పెద్దమనిషి కాకపోయినా, అయ్యాక వరసగా మూడు నెలలు రాకపోయినా, "నాట్యం చేసే పిల్లలకి మామూలే" అని ఎవరైనా అంటే నమ్మకండి. మామూలుగా జరుగుతుంది నిజమే, అంతమాత్రాన మంచిదైపోదు.

ఇంతా చదివి మాన్పించేస్తారేమోనని భయంగా ఉంది. నేను ఆ మాట అనట్లేదు. నిలకడ, కాలి బలం, వెన్ను నిటారుగా పెట్టుకోవడం బ్యాలే బాగా ఇస్తుంది. ఏళ్ల తరబడి తిరిగిన నర్తకులకి తల తిరగడం తక్కువని లండన్ ఇంపీరియల్ కాలేజీవాళ్లు 2013లో 29 మంది నర్తకులని పడవ పందేల అమ్మాయిలతో పోల్చి చూపించారు, చెవి పంపే సంకేతాలని చిన్నమెదడు పట్టించుకోకుండా వదిలేయడం నేర్చుకుంటుందట. గుండెకీ ఊపిరికీ మాత్రం క్లాసొక్కటే చాలదు. ఆగి ఆగి చేసే పని అది. వారానికి ఒకసారి ఈత కొట్టించండి.

మనుషుల మధ్య జరిగేది కూడా ఒళ్లంత ముఖ్యం. తప్పు దిద్దితే ఏడవకుండా మళ్లీ చేయడం పిల్లలకి అక్కడ అలవాటవుతుంది, ఇప్పటి పిల్లలకి అది చాలా అవసరం. కానీ చెన్నైలో బ్యాలే ఖరీదైన వ్యవహారం. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల పిల్లలే ఎక్కువ, ఫ్రెంచి పేర్లు, సెలవుల్లో విదేశాలు. మన పిల్లలు అక్కడ ఒక మెట్టు కింద ఉన్నామనుకునే ప్రమాదముంది. ఒంటి రంగు షూస్ అని అమ్మేది గులాబీ రంగువి, ఎవరి ఒళ్లో అది! నల్లజాతి నర్తకులు ఏళ్ల తరబడి షూస్‌కి ముఖానికి రాసే ఫౌండేషన్ పూసుకుని ఆడారు. లండన్‌లో ఫ్రీడ్ కంపెనీ బ్యాలే బ్లాక్ బృందంతో కలిసి గోధుమరంగు షూస్ తెచ్చింది 2018లో. మీ పాప ఎప్పుడైనా "నా కాళ్ల రంగు కలవట్లేదు" అంటే ఈ కథ చెప్పండి. మగపిల్లలని ఏడిపించడం కూడా చూస్తుంటాను. ముంబయిలో వెల్డర్ కొడుకు అమీరుద్దీన్ షా లండన్ రాయల్ బ్యాలే స్కూలు దాకా వెళ్లాడని వాళ్లకి చెబుతుంటాను.

క్లాసులో ఒక నియమం మాత్రం అడిగి తెలుసుకోండి: ఒంటి మీద చేయి వేసి దిద్దేముందు పిల్లని అడుగుతారా, తలుపు తెరిచి ఉంటుందా, తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా. మొహమాటపడకండి.

అత్తగారి కూచిపూడి మాట మిగిలింది. అందులో సరదా ఒకటుంది. మన తెలుగువాళ్లకి బ్యాలే అంటే చాలాకాలం వెంపటి చినసత్యం గారి నృత్యనాటకాలే, పత్రికల్లో "కూచిపూడి బ్యాలే" అనే రాసేవాళ్లు. ఆయన 1963లో అకాడమీ పెట్టింది కూడా ఈ మద్రాసులోనే. మీరు బ్యాలే అన్నప్పుడు ఆవిడ మొదట అదే అనుకుని, తర్వాత లియోటార్డ్ చూసి అదిరిపడి ఉంటారు! ఆవిడకి కళాక్షేత్ర నాట్య పాఠశాల పెట్టిన రుక్మిణీదేవి అరండేల్ గురించి చెప్పండి. 1920ల చివర్లో రష్యా బ్యాలే నర్తకి అన్నా పావ్లోవాతో స్నేహం కుదిరి, ఆవిడ బృందంలోని క్లియో నోర్ది దగ్గర రుక్మిణీదేవి నేర్చుకున్నది మొదట బ్యాలేనే. మీ దేశపు నాట్యం చూడమని పావ్లోవా ప్రోత్సహించాకే ఇటు తిరిగారు, 1936లో అడయారులో కళాక్షేత్ర వచ్చింది. ఆ కళాక్షేత్ర ఇప్పుడున్న తిరువాన్మియూరు మీకు ఆటో దూరం. ఒక సాయంత్రం ఇద్దరినీ ప్రదర్శనకి తీసుకెళ్లండి.

రెండూ నేర్పించొచ్చా అంటే, ఈ వయసులో వారానికి మొత్తం గంటలు పెరగకుండా అయితే నేర్పించొచ్చు. అరమండి, టర్నౌట్ రెండూ అదే తుంటిని వాడతాయి, దానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి కావాలి.

పాప పాదంలో రెండో వేలు బొటనవేలి కంటే పొడవా కాదా అన్నది మీరు రాయలేదు. పొడవైతే బరువంతా ముందు దాని మీదే పడుతుంది, షూ లోపల సర్దుబాటు కావాలి, మామూలు చెప్పుల సైజు చెప్పి ఆన్‌లైన్లో తెప్పించకూడదు. అది కొనే రోజుకి ఇంకా ఏడాదిన్నర పైనే ఉంది. ఈలోపు రాత్రి అన్నం సంగతి ఏమైందో రాయండి.